అక్కయ్యకు, నాన్న గడియారం గురించి

అక్కయ్యకు,

నిన్న ఫోనులో “రోజంతా ఏం చేస్తున్నావురా?” అని అడిగావు. మాట సరిగ్గా వినబడడం లేదని చెప్పి పెట్టేశాను. బాగానే వినబడింది. జవాబే లేదు. అందుకని ఈ ఉత్తరం. ఫోనులో అయితే నువ్వు నా మాటలు వినవు, గొంతు వింటావు. వెంటనే జలుబా, జ్వరమా అంటావు. కాగితంతో ఆ ఇబ్బంది లేదు.

ముందు ఆరోగ్యం సంగతి. బాగుంది. షుగరు, బీపీ రెండూ హద్దుల్లోనే ఉన్నాయి. మోకాలు మెట్లు దిగేటప్పుడు మాత్రం గుర్తొస్తుంది. ఆఫీసు గురించి చెప్పడానికి ఏముంది? ఆఖరి రోజు వాళ్ళేదో మాట్లాడారు, నేనూ ఏదో మాట్లాడాను, ఫోటో తీశారు, కార్డు అప్పజెప్పి వచ్చేశాను. మొదటి వారం రోజూ ఎవరో ఒకరు ఫోను చేసి ఆ ఫైలెక్కడ, ఈ లెక్క ఎలా వచ్చింది అని అడిగారు. రెండో వారం ఒక్క ఫోనే వచ్చింది. ఇప్పుడు అదీ లేదు. అంటే అన్నీ సరిగ్గానే అప్పజెప్పానన్నమాట. అలాగే అనుకుంటున్నాను.

బావగారి కంటి ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు వంగి బరువులు ఎత్తనివ్వకు, కన్ను నలుపుకోనివ్వకు. ఆయన నీ మాట వినరు కానీ రాసిపెట్టింది చదువుతారు. చుక్కలు వేసే వేళలు కాగితం మీద రాసి అద్దం పక్కన అంటించు.

సరే, రోజంతా ఏం చేస్తున్నానంటే. ఐదున్నరకల్లా మెలకువ వచ్చేస్తుంది. అలారం తీసేసి నెలన్నర అయింది, ఆ కబురు ఒంటికి ఇంకా అందలేదు. ఏడున్నరకు నీ మరదలు ఆఫీసుకు బయలుదేరుతుంది. కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చి గడియ వేసుకుంటాను. పనిదినాన పొద్దుటిపూట ఆ గడియను లోపలివైపు నుంచి వేయడం ఈ ఇంట్లో నాకు ఇదే మొదలు. మొదటి సోమవారం వేసిన చెయ్యి గడియ మీదే కాసేపు ఉండిపోయింది.

ఆ మధ్య ఊరికే ఉండలేక వంటింట్లో డబ్బాలన్నీ దింపి, తుడిచి, పొడవు ప్రకారం వరసగా సర్దాను. చూడముచ్చటగా ఉంది. సాయంత్రం ఆవిడ వచ్చి ఒక్కో మూతా తీసి చూస్తూ, నాలుగో డబ్బా దగ్గర ఆగింది. “మీరు ఆఫీసు నుంచి రిటైరయ్యారు సరే, ఇక్కడ ఉద్యోగంలో ఎవరు చేర్చుకున్నారు?” అంది. మర్నాడు మళ్ళీ అన్నీ పాత చోట్లలో పెట్టేశాను. ఏది ఎక్కడుండేదో నాకు సగం గుర్తు లేదు. అదొక గొడవ.

నాన్న రిటైరైన కొత్తలో గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, “ఇవాళ పోస్టుమాన్ పది నిమిషాలు ఆలస్యం” అని లోపలికి వినబడేలా ప్రకటించేవారు, గుర్తుందా? నువ్వూ నేనూ తలుపు చాటున నోరు నొక్కుకుని నవ్వుకునేవాళ్ళం. ఇక్కడ చెత్తబండి మంగళవారం వస్తుంది. మొన్న ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. సాయంత్రం ఆ సంగతి నీ మరదలికి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నా వంక ఒకసారి చూసి, చెప్పులు విప్పుకుంది.

అసలు సంగతికి వస్తాను. తొమ్మిదేళ్ళ కిందట నువ్వు పాత దుప్పట్లో చుట్టి ఇచ్చిన నాన్న గడియారం ఇప్పుడు నడుస్తోంది. తెచ్చిన కొత్తలో గోడకు తగిలిస్తే ఐదు నిమిషాలు ఆడి ఆగిపోయింది. ప్రయాణంలో పాడైందనుకుని అటకెక్కించాను. నీకు మాత్రం బాగుందనే చెప్పాను, అది వేరే సంగతి. అది పాడవలేదు అక్కయ్యా. నేనే కాస్త వంకరగా తగిలించాను. టిక్కుకూ టక్కుకూ మధ్య ఎడం సమంగా ఉండాలి, లేకపోతే లోలకం కాసేపటికి ఆగిపోతుంది. మనది కుంటుతూ నడుస్తున్నట్టు వినిపించింది. చెక్క పెట్టె అడుగుభాగాన్ని వేలితో పిసరంత ఎడమకు జరపడం, చెవి ఆనించి వినడం, మళ్ళీ జరపడం. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే తప్ప ఆ తేడా తెలియదు. పగలు పదకొండింటికి మా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు.

నడక కుదిరింది కానీ గంటలు కుదరలేదు. మూడింటికి ఎనిమిది కొట్టింది. ఈ రకం గడియారం కొట్టేటప్పుడు ముళ్ళ వంక చూడదు. లోపల గాడులు కోసిన చక్రం ఒకటి ఉంటుంది. అది దాని లెక్క ప్రకారం ఏడు తర్వాత ఎనిమిది, ఎనిమిది తర్వాత తొమ్మిది కొట్టుకుంటూ పోతుంది. ఎన్నేళ్ళు ఆగి లేచినా, ఆగిన చోటి నుంచే లెక్క అందుకుంటుంది. బయట ఎంతైందో దానికి పట్టదు. లోపలున్న తీగను లేపుతూ ఒక్కొక్క వరసా కొట్టించి, ముళ్ళు చూపే గంట దగ్గరకు తీసుకొచ్చాను. ఒక మధ్యాహ్నం దానికే సరిపోయింది.

లోలకం కొలిచాను, పావు మీటరు. ఆ పొడవుకు నిమిషానికి 120 టిక్కులు రావాలి. కింద ఉండే చిన్న మర తిప్పి బిళ్ళను ఒక్క మిల్లీమీటరు దించితే రోజుకు దాదాపు మూడు నిమిషాలు నెమ్మదిస్తుంది. మొదటి రోజు 6 నిమిషాలు ముందుకు పోయింది, దించాను. మర్నాడు 2 నిమిషాలు వెనకబడింది, కొంచెం ఎత్తాను. నిన్నటికి తేడా 20 సెకన్లు. ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో తేదీలతో సహా రాస్తున్నాను. “దేనికి సమయం కావాలని?” అని నీ మరదలు అడిగింది. సమాధానం ఆలోచిస్తున్నాను.

అరగంటకు ఒక దెబ్బ కూడా కలుపుకుంటే రోజుకు 180 దెబ్బలు. పగలు బాగానే ఉంటుంది, ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటుంది. రాత్రే చిక్కు. మెలకువ వస్తుంది, ఒకటి కొడుతుంది. ఎంతైందో తెలియదు. పన్నెండున్నరకూ ఒకటే, ఒంటిగంటకూ ఒకటే, ఒకటిన్నరకూ ఒకటే కదా. లేచి చూస్తే ఇక నిద్ర పట్టదని కళ్ళు మూసుకుని తర్వాతి దెబ్బ కోసం ఎదురుచూస్తాను. అదీ ఒకటే అవుతుంది. ఆ వేళకు నీకు పట్టపగలు. ఫోను చేయాలనిపిస్తుంది. ఇక్కడ అర్ధరాత్రి కదా, ఏమైందోనని కంగారు పడతావని చేయను.

“ఉద్యోగం అయిపోయింది కదా, ఇంకా అక్కడేం పని?” అన్నావు. ఆ మాట గుచ్చుకుంది, దాచడం ఎందుకు. నీ మరదలికి ఇంకా రెండేళ్ళ ఉద్యోగం ఉంది. చిన్నది రెండు గంటల దూరంలో ఉంటోంది, నెలకోసారి మాసిన బట్టల సంచీతో వస్తుంది. ఇవి పనులు కావా? రానని నేనెప్పుడూ అనలేదు. వస్తానంటే నువ్వు తేదీ అడుగుతావు, తేదీ చెబితే ఆ రోజు నుంచి క్యాలెండర్ ముందు కూర్చుంటావు. అందుకే అనడం లేదు. కోప్పడ్డాననుకోకు.

ఇప్పుడు నువ్వు నాకొక సాయం చేయాలి. ఆదివారం స్టూలెక్కి గడియారానికి కీ ఇచ్చేదానివి నువ్వే. కుడి రంధ్రం నడకకు, ఎడమది గంటలకు, అంతవరకు నాకు తెలుసు. స్టూలు పట్టుకోవడమే నా పని. నువ్వు పైకి లెక్కపెడుతూ తిప్పేదానివి, నాన్న “చాలు” అనగానే ఆపేదానివి. ఎన్ని చుట్లకు “చాలు” అనేవారు? కుడివైపు ఎన్ని, ఎడమవైపు ఎన్ని? స్ప్రింగు పాతది, ఇక తిరగనంతవరకు బిగించాలంటే చెయ్యి రావడం లేదు. ఫోనులో వద్దు. కాగితం మీద రాసి పంపు.

నీ తమ్ముడు

ఇంతా చదివి నీ మరదలు కింద ఒక మాట రాస్తానంటోంది:

వదినగారూ, నమస్కారం. ఎడమవైపు కీ ఇవ్వకుండా వదిలేస్తే గడియారం నడుస్తూనే ఉంటుందట, గంటలు మాత్రం కొట్టదట. నేను చెబితే వినరు. ఉత్తరంలో కుడివైపు లెక్క ఒక్కటే రాయండి.