అడవి నివాసానికి సన్నద్ధత అవసరం

సంపాదకుల వారికి,

నగర జీవితంతో విసిగి, ఉద్యోగం మానేసి ఏ అడవిలోనో ఇల్లు కట్టుకుని ఒంటరిగా బతకాలనుకునే మన యువత రిచర్డ్ ప్రోనెకీ జీవితాన్ని శ్రద్ధగా పరిశీలించాలని నా విన్నపం. అమెరికా నౌకాదళంలో వడ్రంగిగా, ఆ తరువాత డీజిల్ మెకానిక్‌గా పనిచేసిన ఆయన 1968లో, యాభై ఏళ్లు దాటాక, అలాస్కాలోని ట్విన్ లేక్స్ ఒడ్డున స్థిరపడ్డారు. కొన్ని పనిముట్లకు పిడులు కూడా అక్కడి కలపతోనే చెక్కుకుని, ముందటి ఏడాదే నరికి ఉంచిన దుంగలను ఒకదానిలో ఒకటి ఇమిడేలా తొలిచి పేర్చి, సందుల్లో నాచు కూరి, తలుపు బందులను సైతం కర్రతో చేసుకున్నారు. ఆయన స్వయంగా చిత్రీకరించిన ఆ పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అంతటి నేర్పరికి కూడా ఉత్తరాలు, సరుకులు చిన్న విమానంలో వచ్చేవి.

అదే అలాస్కాలో 1992లో క్రిస్ మెకాండ్లెస్ అనే ఇరవై నాలుగేళ్ల యువకుడు చాలినంత ఆహారం లేకుండా వెళ్లి, పాడుబడ్డ బస్సులో ప్రాణాలు వదిలాడు. ఎంత బాధాకరం! ఆ బస్సును చూడాలని బయలుదేరిన వారిలో ఇద్దరు మహిళలు దారిలోని నదిలో మునిగి మరణించగా, చివరకు 2020లో అధికారులు దానిని హెలికాప్టర్‌తో తరలించవలసి వచ్చింది.

అందువల్ల ఇటువంటి జీవితాల గురించి కథనాలు ప్రచురించేటప్పుడు సరస్సు, మంచు, ప్రశాంతతల వర్ణనతో ఆపకుండా, చలికాలానికి కట్టెలు, తిండి ఎలా సమకూర్చుకున్నారో, జబ్బు చేస్తే వైద్యుడు ఎంత దూరంలో ఉన్నాడో కూడా వివరంగా రాయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హనుమకొండ