మా నాన్న చొక్కా ఉతికిన ఆ అమ్మకు

నాలుగు రోజులుగా సరైన నిద్ర లేదు. రాసేదాంట్లో ముందుది వెనక, వెనకది ముందు వస్తే ఏమీ అనుకోకండి. నాన్న పక్క గదిలో పడుకుని ఉన్నారు. ఆయన ఊపిరి చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. అది వింటూ రాస్తున్నాను.

మెక్సికోలో నాన్నకు ఎండదెబ్బ తగిలిందని తెలిసి ఫోన్లు చేసినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే చెబుతున్నాను. నాన్న బాగున్నారు. నడుస్తున్నారు. నిన్న రాత్రి రెండు ముద్దలు పెరుగన్నం తిన్నారు.

మేం ఉండేది శాన్ డియేగోలో. నాన్న ఏప్రిల్‌లో రెంటచింతల నుంచి వచ్చారు. బాబుకి సెలవులిచ్చారు కదా అని జూన్ మూడోవారంలో మెక్సికోలోని ప్వెర్తో పెన్యాస్కోకి బయల్దేరాం. సముద్రం ఒడ్డు ఊరు, ఇక్కడివాళ్ళు రాకీ పాయింట్ అంటారు. అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు కాబట్టి నాన్నకీ ఇబ్బంది లేదు. యూమా దగ్గర సరిహద్దు దాటి, సాన్ లూయిస్ నుంచి రెండో నంబరు హైవే మీద తూర్పుగా సొనొయ్టా దాకా వెళ్ళి, అక్కడి నుంచి కిందికి మళ్ళాలి. అమెరికా వైపు నుంచి కూడా దారి ఉంది. ఎడారి చూసినట్టుంటుందని ఇటు వెళ్దామన్నది నేనే. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

సాన్ లూయిస్ నుంచి సొనొయ్టా దాదాపు 200 కిలోమీటర్లు. మధ్యలో ఊరన్నది లేదనే చెప్పాలి. ఆల్తార్ ఎడారి ఇసుక దిబ్బలు, ఆ తర్వాత పినకాతె అగ్నిపర్వతాల నల్లరాళ్ళు. చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో వ్యోమగాములు ముందు ఇక్కడికే వచ్చి నేర్చుకున్నారని మా ఆయన బాబుకి చెబుతున్నాడు. ఎడమవైపు చాలా దూరం సరిహద్దు గోడ కనిపిస్తూనే ఉంది. కారు మీటరులో 117, అంటే మన లెక్కలో 47 డిగ్రీలు.

పొద్దుట్నుంచీ నాన్న నీళ్ళు తాగలేదు. తాగమంటే "రెంటచింతల ఎండలో పుట్టి పెరిగినవాణ్ణమ్మా, నాకేం కాదు" అన్నారు. మే నెల వస్తే వార్తల్లో ముందు వినబడేది మా ఊరి పేరే కదా, ఆ ధీమా. అసలు సంగతి అది కూడా కాదు. తాగితే మాటిమాటికీ కారు ఆపమనాలి, అల్లుణ్ణి అడగాలంటే మొహమాటం. ఈ మాట ఆయన ఆసుపత్రిలో చెప్పారు. పైగా ఆయన వేసుకునే బీపీ మాత్రలో ఒంట్లో నీటిని లాగేసే మందు కూడా కలిసి ఉంది. ఇంత ఎండలో అది ప్రమాదమని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మన దగ్గర ఎండకు చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోతుంది. అక్కడ చెమట పట్టిన సంగతే తెలియదు. పట్టిందే తడవు ఆరిపోతుంది. ఒంట్లో నీళ్ళన్నీ పోతున్నా మనిషికి ఉక్కగా అనిపించదు. పల్నాడు ఎండ తెలిసినవాళ్ళు కూడా మోసపోయేది అక్కడే.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఇంజిన్ వేడెక్కిపోయింది. ఆ వేడి తగ్గడానికని మా ఆయన ఏసీ ఆపి హీటరు పెట్టాడు. ఇంజినుకి అది మంచిదే, లోపల కూర్చున్న మనుషులకు మాత్రం కొలిమి. రెండు నిమిషాల్లో రేడియేటర్ పైపు పగిలి బండి ఆగిపోయింది. నాన్న దిగి బానెట్ దగ్గర నిలబడ్డారు. లోపల కూర్చోమంటే వినలేదు. లోపల మాత్రం ఏముంది, నిప్పుల గుండం.

పావుగంట తర్వాత నా వైపు తిరిగి "కల్లంలో మిరపకాయలు ఆరబోశాం, పట్టా కప్పారా?" అన్నారు.

ఆ మాట విన్నాక నా కాళ్ళలో బలం పోయింది. పొలం కౌలుకిచ్చి ఆరేళ్ళయింది. చేయి పట్టుకుంటే కాలుతోంది, చుక్క చెమట లేదు. వెంటనే వాంతి చేసుకున్నారు, చొక్కా అంతా పాడైంది.

రోడ్డు మీద వెళ్తున్న ఒక పెద్ద ట్రక్కు ఆగింది. డ్రైవరు దిగి నాన్న మొహం చూశాడు. ఒక్క మాట అడగలేదు. మా ఆయనా అతనూ కలిసి నాన్నను ఎత్తి క్యాబిన్లో పడుకోబెట్టారు. కారును అక్కడే వదిలేసి నలుగురం ఎక్కాం. పది నిమిషాల దూరంలో రోడ్డు పక్క ఒక రేకుల దాబా ఉంది. అక్కడ ఆపాడు.

ఇక ఆమె గురించి చెప్పాలి. చెప్పగలనో లేదో తెలియదు.

అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, నడుముకి పిండి అంటిన గుడ్డ కట్టుకుని ఉంది. పొయ్యి మీద పెనం, దాని మీద రొట్టె. నాన్నను లోపలికి తెస్తుంటే చూసి పెనం దించేసింది. మెడ మీద చేతి వెనక భాగం ఆనించి చూసింది. మనవణ్ణి గట్టిగా ఏదో కేకేసింది. వాడు మడత మంచం తెచ్చి కూలర్ ఎదురుగా వేశాడు. అక్కడ కూడా దాన్ని కూలర్ అనే అంటారు. ఆ గందరగోళంలో నాకు అర్థమైన మొదటి మాట అదే.

దుప్పట్లు తీసుకొచ్చి డ్రమ్ములో ముంచి, నీళ్ళు కారుతుండగానే నాన్న మీద కప్పింది. కూల్‌డ్రింకుల పెట్టెలో ఉన్న ఐసంతా గుడ్డల్లో మూటగట్టి మెడకు రెండువైపులా, చంకల్లో, గజ్జల్లో పెట్టింది. దుప్పటి ఆరేలోపే మళ్ళీ చెంబుతో నీళ్ళు. నేను ఆత్రంగా సీసా తీసి నాన్న నోట్లో నీళ్ళు పోయబోతే నా చేతిని పక్కకు తోసేసింది. కోపం వచ్చింది నాకు. స్పృహ సరిగా లేని మనిషికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని తర్వాత డాక్టరు చెప్పారు. ఒంటిని ముందు చల్లబరచాలి, బండెక్కించడం ఆ తర్వాతేనని కూడా చెప్పారు. ఆ అరగంటలో ఆమె చేసినదే మనిషిని దక్కించిందన్నారు.

ఆమెకు ఇదంతా ఎలా తెలుసంటే, సరిహద్దు దాటడానికి కాలినడకన బయల్దేరి ఎండకు పడిపోయినవాళ్ళను ఏళ్ళ తరబడి చూసిందట. మనవడు చెప్పాడు. కొందరు ఆ మంచం మీదే లేచి కూర్చున్నారట, కొందరు లేవలేదట.

తిండికని కూర్చున్న ట్రక్కు డ్రైవర్లు అట్టముక్కలు పట్టుకుని విసురుతూ నిలబడ్డారు. ఎవరూ తిండి అడగలేదు. ఆమె ముప్పావుగంట సేపు ఒక్క క్షణం ఆగలేదు. నాన్న పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో రుద్దుతూ నా వైపు చూసి "త్రాంకీలా, మీహా" అంటూనే ఉంది. కంగారుపడకు తల్లీ అని అర్థమట. అప్పుడు అర్థం తెలియదు, అయినా తెలిసింది.

నాన్న కళ్ళు తెరిచి ఆమెను చూసి, "అక్కా, మంచినీళ్ళు" అన్నారు. తెలుగులో. ఆమె లేచి వెళ్ళి గ్లాసులో సువేరో కలిపి తెచ్చింది. అంటే మన ఓఆర్ఎస్. చెంచాతో కొంచెం కొంచెం పట్టింది. ఈసారి నా చేతికే చెంచా ఇచ్చి, ఇలా పట్టు అని చూపించింది.

మా బాబు ఒక మూల బిక్కచచ్చిపోయి కూర్చుంటే వాడి ముందు గిన్నెలో పుచ్చకాయ ముక్కలు పెట్టింది. మీద ఉప్పూ కారం చల్లి, నిమ్మకాయ పిండి. ఏడుస్తూనే అంతా తిన్నాడు.

సొనొయ్టా నుంచి అంబులెన్స్ వచ్చేసరికి గంటా పది నిమిషాలు. నాన్నను ఎక్కిస్తుంటే ఆమె లోపలి నుంచి పరుగున వచ్చి నా చేతిలో ఒకటి పెట్టింది. నాన్న చొక్కా. వాంతితో పాడైన చొక్కా. ఎప్పుడు తీసిందో, ఎప్పుడు ఉతికిందో నేను చూడలేదు. ఆ ఎండకు పది నిమిషాల్లో ఆరి ఉంటుంది. బొత్తాలు పెట్టి, కాలరు సరిచేసి, చక్కగా మడతపెట్టింది. జేబులో ఉన్న నాన్న కళ్ళజోడు, మాత్రల అట్ట ఒక కవర్లో వేసి పైన పెట్టింది.

అంతవరకూ నేను ఏడవలేదు. అప్పుడు రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను.

అప్పుడే గోడ పక్కన వరసగా పెట్టిన నీలం డ్రమ్ములు చూశాను. నాలుగు డ్రమ్ములు, మూడు అడుగంటాయి. ఆ దాబాకి కుళాయి లేదు, బోరు లేదు. నీళ్ళు ట్యాంకరులో రావాలి. తర్వాతి ట్యాంకరు మూడు రోజులకు అని మనవడు వేళ్ళతో చూపించాడు. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టి కాపు కాయడం అంటే ఏమిటో వేసవిలో మా ఊళ్ళో చూసినదాన్ని. ఆ నీళ్ళు ఆమె మా నాన్న మీద పోసింది. మిగిలినవాటితో చొక్కా ఉతికింది.

మా ఆయన డబ్బులివ్వబోతే నోట్లు మడిచి, నాన్న చొక్కా జేబులోనే పెట్టింది. ఆసుపత్రికి వెళ్ళాక చూసుకున్నాం, అవి అక్కడే ఉన్నాయి.

అమ్మా, నీకు తెలుగు రాదు, ఇది నీకు చేరదు. అయినా చెబుతున్నాను. ఆ చొక్కా నేను మళ్ళీ ఉతకలేదు. బీరువాలో అలాగే ఉంది, నువ్వు పెట్టిన మడత మీదే.

ఇంకో మాట కూడా చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. అమెరికా కారు ఇన్సూరెన్స్ అక్కడ చెల్లదని మెక్సికోకి వేరే పాలసీ కొన్నాం. దారిలో బండి ఆగితే సాయం చేస్తామని అందులో రాసి ఉంది. ట్రక్కు రాకముందు ఒక్క గీత సిగ్నల్ దొరికితే వాళ్ళకు ఫోన్ చేశాను. పదిహేను నిమిషాలు పాట వినిపించారు. తర్వాత పాలసీ నంబరు, ఎన్నో కిలోమీటరు రాయి, బండి రంగు. నాన్నకు బాగాలేదండీ, ఎండదెబ్బ తగిలింది అంటే "దానికి వేరే నంబరు మేడమ్, బండి లాగడానికి నాలుగు గంటలు పడుతుంది" అన్నారు. నాన్నకు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళయితే అమెరికా దాటితే వర్తించదని ఒక్క ముక్కలో తేల్చేశారు. రోడ్డు మీద నిలబడితే ఆ గోడ కంటికి కనిపిస్తోంది. గోడకు అవతల అయితే మా నాన్నకు వైద్యం, ఇవతల అయితే లేదు. అమ్మానాన్నలను పిలిపించుకునేవాళ్ళు దయచేసి పాలసీలో ఆ చిన్న అక్షరాలు చదవండి. మేం చదవలేదు. సొనొయ్టా దగ్గర అమెరికాలోకి వెళ్ళే లూక్‌విల్ గేటు రాత్రి ఎనిమిదికి మూసేస్తారు, వెనక్కి తీసుకెళ్దామన్నా ఆ రాత్రి అటు దారి లేదు. పెన్యాస్కోలో రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచి, మూడో రోజు పొద్దున్నే వరసలో నిలబడి గేటు దాటాం.

ఆ దారిన వెళ్ళేవాళ్ళుంటే మనిషికి ఐదారు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, రెండు దుప్పట్లు పెట్టుకోండి. తెల్లవారుజామున బయల్దేరండి. మెక్సికోలో 078కి ఫోన్ చేస్తే ఆంహెలెస్ వెర్దెస్ అని ప్రభుత్వ ఆకుపచ్చ బండ్లవాళ్ళు వస్తారు, వాళ్ళ పనికి డబ్బులు తీసుకోరు. మా కారును దాబా దాకా తెచ్చింది వాళ్ళే. ఈ నంబరు నాకు ముందే తెలిసి ఉంటే ఆ పదిహేను నిమిషాలు పాట వినేదాన్ని కాదు.

మా ఆయనా, అక్కా, బావా చేసినదాని గురించి రాయక్కర్లేదు, వాళ్ళు మనవాళ్ళు. అక్క రాత్రికి రాత్రి బండేసుకుని వచ్చేసింది.

మెక్సికోలోనే గ్వాదలహారా ఊళ్ళో ఐటీలో పనిచేసే తమ్ముడొకడు, తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ చూసి, ఫోన్లో అంబులెన్స్ వాళ్ళకు నాన్న మాత్రల పేర్లన్నీ స్పానిష్‌లో చెప్పాడు. రెండు రోజులూ ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకున్నాడట. నీ రుణం ఉంచుకోను తమ్ముడూ, ఇంటికి రా.

ట్రక్కు డ్రైవరు! ఇంత రాసి ఆయనకు దండం పెట్టనే లేదు. మమ్మల్ని దించి, నాన్న కళ్ళు తెరిచేదాకా ఉండి, చెప్పకుండా వెళ్ళిపోయాడు. పేరు కూడా అడగలేదు నేను.

అయ్యో, ఆసుపత్రి కింద మందుల షాపు అమ్మాయి కూడా. కార్డు పనిచేయకపోతే రేపు ఇవ్వండని మందులిచ్చి పంపింది. అంబులెన్స్‌లో నాన్న చేయి వదలకుండా పట్టుకున్న కుర్రాడు. అట్టముక్కలతో విసిరిన ఆ నలుగురు డ్రైవర్లు, ఐదుగురేమో. మరిచిపోయినవాళ్ళు ఇంకా ఉంటే క్షమించండి, గుర్తొచ్చినప్పుడు కింద రాస్తాను.

ఎండలు తగ్గాక నవంబరులో ఆమె దాబాకి వెళ్దామంటున్నారు నాన్న. ఈసారి నీళ్ళ ట్యాంకరు మనం మాట్లాడి తీసుకెళ్ళాలట. గుంటూరు నుంచి రెండు కిలోల ఎండుమిరపకాయలు తెప్పించమన్నారు, తను అక్కా అని పిలిచిన ఆమెకి ఇవ్వడానికి.

నాన్న లేచినట్టున్నారు. మజ్జిగ అడుగుతున్నారు. ఉంటాను.