తల్లుల గది వెయిటింగ్ హాల్ కాదు

సంపాదకులకు నమస్కారం.

బహిరంగ స్థలాల్లో తల్లులు పాలిచ్చేందుకు గదులు ఉండాలని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో చెప్పింది. మన బస్టాండ్లలో ఉన్న గదుల్లోనేమో పాలిచ్చే తల్లికి కుర్చీ దొరకడమే కష్టం. బస్సు కోసం చూసే బంధువులు, సామాను, ఫోన్ చార్జర్లు అక్కడికే చేరతాయి.

బిడ్డ ఒక విడత తాగడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. పసిగుడ్డయితే ఇంకాసేపు. తల్లి కంగారులో ఉంటే పాలు సరిగా చేపుకు రావు, కాబట్టి తలుపు బాది తొందరపెట్టకండి. పచ్చి బాలింతకు ఒకరు తోడుంటే చాలు, మిగతావారు బయట కూర్చోవాలి. లోపల వీడియో కాల్ అసలే వద్దు, పక్క తల్లి కూడా అందులో కనిపిస్తుంది. సీసాపాలు పట్టే తల్లికీ ఆ గది మీద అంతే హక్కుంది. ఆమెకు సలహాలు అక్కర్లేదు.

డైపర్ మార్చడం అయిదు నిమిషాల పని, అందుకోసమే వచ్చినవారిని ముందు వెళ్లనివ్వండి. మార్చేది మాత్రం పాలిచ్చే కుర్చీలో కాదు. బల్ల లేకుంటే నేలమీద రబ్బరు షీటు పరుచుకోవచ్చు. కొత్త డైపర్, తడిగుడ్డ ముందే తీసిపెట్టుకోండి. బల్లమీద పడుకోబెట్టి సంచిలో వెతుకుతుంటే బిడ్డ దొర్లి కింద పడేది అప్పుడే. ఒక చెయ్యి ఎప్పుడూ బిడ్డ మీదే ఉండాలి. మలాన్ని టాయిలెట్లో దులిపి, డైపర్‌ను ముందువైపు నుంచి లోపలికి చుట్టి, దాని టేపులతోనే అంటించి, పాత పేపర్లో పొట్లం కట్టి చెత్తడబ్బాలో వేయాలి. టాయిలెట్లో పడేస్తే లోపలి జెల్ నీళ్లు పీల్చి ఉబ్బి, పైపు మూసుకుపోతుంది. వైప్స్ కూడా అంతే, కాగితంలా కనిపించినా నీళ్లలో కరగవు. తర్వాత చేతులు సబ్బుతో కడగాలి. మురికి అంటిన చేతికి శానిటైజర్ చాలదు.

ఇక బిడ్డనెత్తుకుని వచ్చే తండ్రుల సంగతి. డైపర్ బల్ల ఆడవాళ్ల గదిలోనే ఉంటే వాళ్లెక్కడికి పోవాలి? తలుపు తట్టి, లోపలివారు సరేనన్నాకే వెళ్లడం వాళ్ల మర్యాద. అసలు తప్పు గది కట్టినవాళ్లది. బల్లను తలుపు దగ్గర పెట్టి, కుర్చీలకు అడ్డంగా ఒక తెర కడితే సరిపోతుంది. ఒక ఇనుప కడ్డీ, నాలుగు గజాల గుడ్డ, అంతకన్నా ఖర్చేముంది?

అధికారులకు ఇంకొక్క మాట. గదికి తాళం వేయక తప్పదంటే, తాళంచెవి ఎవరి దగ్గరుందో తలుపు మీదే పెద్దక్షరాలతో రాయించండి.

— విశ్రాంత స్టాఫ్ నర్సు, ఏలూరు