ఈ సంక్రాంతికి మన ప్రొజెక్టర్ తండాకు

మిత్రులారా, సెలవుల్లో ప్రొజెక్టర్‌ని కూకట్‌పల్లి గదిలో పెట్టి తాళం వేయొద్దు. అచ్చంపేట వైపు తండాలకు తీసుకెళ్దాం.

సినిమాను జనం దగ్గరికి మోసుకెళ్లడం మనవాళ్లకు కొత్త కాదు. 1910 ప్రాంతంలోనే తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య నాయుడు క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొని ఊరూరా తిప్పారు. బొమ్మ తెర మీద, శబ్దం గ్రామఫోన్ రికార్డులోంచి! శ్రీలంక, బర్మా దాకా వెళ్లారు. తర్వాత టూరింగ్ టాకీసులు. డేరా కింద నేల, బెంచీ, కుర్చీ టికెట్లు. ఒక్కటే ప్రొజెక్టర్ కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఆగేది. ఆ కాస్త సేపట్లోనే పక్క ఊరివాళ్లతో పలకరింపులు, పెళ్లి సంబంధాల కబుర్లు. ఎవరి ఫోన్‌లో వాళ్లు చూసుకుంటే అవి ఎక్కడ దొరుకుతాయి?

తెర నాలుగు మూలలా తాడుతో బిగించి కట్టాలి, గాలికి ఊగితే ముఖాలు వంకరపోతాయి. జనరేటర్ ఇళ్ల వెనక దూరంగా పెడదాం, లేకపోతే మాటలు వినపడవు. చలి కదా, చీకటి పడగానే మొదలుపెడదాం. ఏ సినిమా అన్నది మనం తేల్చొద్దు. ముందు తండా పెద్దల్ని, ముఖ్యంగా ఆడవాళ్లని అడుగుదాం. వాళ్లు చెప్పాక ప్రదర్శనకు అనుమతి తీసుకునే పని నాది.

వచ్చేవాళ్లు ఆదివారంలోగా పేరు పెట్టండి. ఎవరికైనా తెలిసిన డీసీఎం వ్యాన్ ఉంటే చెప్పండి.