21న కన్యాశుల్కం గొంతెత్తి చదువుదాం

అందరికీ నమస్కారమండీ. సెప్టెంబర్ 21 గురజాడ జయంతి. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి మన గ్రంథాలయం వరండాలో కూర్చుని కన్యాశుల్కం మొదటి నుంచి చివరిదాకా పైకి చదువుతున్నాం. 1909లో వచ్చిన రెండో కూర్పు, ఏడంకాలూ. పెద్ద నాటకం, చీకటి పడొచ్చు. ఉండగలిగినంతసేపు ఉండండి.

నటన రానక్కర్లేదు. మనిషికి రెండు మూడు పేజీలు, పుస్తకం పక్కవారికి అందించడం, అంతే. పోయినేడు ఒక పెద్దమ్మగారు "నాకు కళ్లు ఆనవమ్మా" అంటూనే కూర్చున్నారు. మనవరాలు వేలుపెట్టి వరస చూపిస్తుంటే మధురవాణి మాటలు చదివారు. వీధిలో వెళ్తున్న కూరల బండాయన బండి ఆపి, ఆ రంగం అయ్యేదాకా కదల్లేదు. ఈ నాటకం కళ్లతో చదివితే సగమే అందుతుందని నాకప్పుడే తెలిసింది. మాట్లాడే తెలుగులో రాసింది కదా, చెవిన పడాలి.

మొదటి రంగం విజయనగరం బొంకులదిబ్బ దగ్గర మొదలవుతుంది. ఆ వైపు వాళ్లెవరైనా ఉంటే గిరీశం మీకే, మీ యాసలోనే చదవండి.

పిల్లల్ని తప్పకుండా తీసుకురండి. ఇంట్లో పాత ప్రతి ఉంటే, అట్ట ఊడినా సరే, తెండి. చదవాలనుకునేవారు ఇక్కడే పేరు రాయండి.