గురువే ద్రోహి కావడం కల్పన కాదు

సంపాదకులు గారికి నమస్కారములు.

గత ఆదివారం మీ సినిమా పేజీలో గూఢచారి చిత్రాలపై వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. 2003లో విడుదలైన హాలీవుడ్ చిత్రం 'ది రిక్రూట్' గురించి రాస్తూ, కొత్తవారికి శిక్షణ ఇచ్చే అధికారే చివరకు ద్రోహిగా తేలడం నమ్మశక్యంగా లేదని వ్యాసకర్త అభిప్రాయపడ్డారు. ఆ చిత్రంలో నమ్మలేని విషయాలు ఉన్న మాట నిజమే కానీ, ఇది వాటిలో ఒకటి కాదు. సినిమా రావడానికి ఏడేళ్ల ముందే అమెరికాలో అచ్చంగా అటువంటి ఘటన జరిగింది. మీ పాఠకులకు ఆ సంగతి తెలియాలన్న ఉద్దేశంతోనే ఈ లేఖ రాస్తున్నాను.

రోజర్ డొనాల్డ్‌సన్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో గురువు వాల్టర్ బర్క్‌గా అల్ పాచినో, శిష్యుడు జేమ్స్ క్లేటన్‌గా కాలిన్ ఫారెల్ నటించారు. అమెరికా గూఢచార సంస్థ సిఐఏకు చెందిన, అందరూ 'ఫార్మ్' అని పిలుచుకునే శిక్షణ కేంద్రంలో కథ నడుస్తుంది. అసలు కేంద్రం వర్జీనియా రాష్ట్రంలో విలియమ్స్‌బర్గ్ పట్టణానికి దగ్గరగా ఉన్న క్యాంప్ పియరీ. సిఐఏ తరఫున సినిమా వారితో సంప్రదింపులు జరిపే చేజ్ బ్రాండన్ దీనికి సాంకేతిక సలహాదారుగా పనిచేశారు. శిక్షణ ఘట్టాలకు అంత పట్టు రావడానికి అది కూడా ఒక కారణమై ఉంటుందని నా నమ్మకం. వాటిలో ఒక ఘట్టాన్ని నేను ఇప్పటికీ మరచిపోలేదు. క్లేటన్‌ను ఎవరో ఎత్తుకుపోయి, ఒక గదిలో బంధించి, కొట్టి, నీకు పాఠాలు చెప్పే వారి పేర్లు చెప్పమని నిలదీస్తారు. ఎంత హింసించినా నోరు మెదపని ఆ కుర్రవాడు, తాను ఇష్టపడిన అమ్మాయికి ప్రమాదమని తెలిసేసరికి లొంగిపోతాడు. తీరా చూస్తే అదంతా శిక్షణలో భాగమే.

శిష్యుడు గురువుల పేర్లు బయటపెడతాడా లేదా అన్నది సినిమాలో పరీక్ష. వాస్తవంలో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. గురువే శిష్యుల పేర్లు అమ్ముకున్నాడు.

ఆ గురువు పేరు హెరాల్డ్ జేమ్స్ నికల్సన్. 1980లో సిఐఏలో చేరి, బుకారెస్ట్‌లో ఆ సంస్థ కార్యాలయానికి అధిపతిగా, ఆ తర్వాత కౌలాలంపూర్‌లో ఉప అధిపతిగా పనిచేసిన సీనియర్ అధికారి ఆయన. 1994 నుంచి 1996 వరకు క్యాంప్ పియరీలోనే కొత్తవారికి బోధకుడు. ఆ రెండేళ్లలో తన ఎదుట కూర్చుని పాఠం విన్న యువతీయువకుల పేర్లనూ వివరాలనూ ఆయన రష్యా నిఘా విభాగానికి చేరవేశాడు. మొత్తం మీద ఆయనకు ముట్టింది సుమారు 3 లక్షల డాలర్లు. మారుపేరుతో, వేరే ఉద్యోగం ముసుగులో పరాయి దేశంలో మెలగవలసిన వ్యక్తికి, తన అసలు పని ఎవరికీ తెలియకపోవడమే రక్షణ. ఆ రక్షణ, వారు మొదటి విమానం ఎక్కకముందే, తరగతి గదిలోనే పోయింది. కంచే చేను మేయడం అంటే ఇదే.

నేను ముప్పై ఏళ్లు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో బోధించాను. ప్రతి సంవత్సరం కొత్తగా చేరిన వారి దరఖాస్తులు, ఫొటోలు, ఇంటి చిరునామాలు నా బీరువాలోనే ఉండేవి. వాటిలో దాచవలసిన రహస్యం ఏమీ లేకపోయినా, ఆ బీరువా తాళంచెవిని నేను ఇంకొకరి చేతికి ఇచ్చి ఎరుగను. నమ్మి వచ్చిన పిల్లల వివరాలు అన్న ఒక్క భావన చాలు, చెయ్యి వెనక్కు తగ్గడానికి. అందుకే నికల్సన్ గురించి మొదటిసారి చదివిన రోజు నాకు చాలాసేపు మరో పని మీద మనసు నిలవలేదు.

ఇక ఆయన దొరికిన తీరు. సినిమాలో పాలిగ్రాఫ్ పరీక్ష, అంటే అబద్ధాన్ని పట్టే యంత్రంతో చేసే పరీక్ష, నాయికా నాయకుల మధ్య సరసానికి సాధనమైంది. కానీ ఆ యంత్రం చరిత్ర అంత తేలికైనది కాదు. సోవియట్ యూనియన్‌కు ఏళ్ల తరబడి రహస్యాలు అమ్మిన సిఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లోనూ 1991లోనూ ఆ పరీక్షను దాటిపోయాడు. నికల్సన్ మీద మాత్రం 1995లో అదే పరీక్ష అనుమానం రేపింది. ఆ తర్వాత దర్యాప్తు అధికారులు చేసినది ఓపికగా లెక్కలు సరిచూడడమే. ఆయన విదేశాలకు వెళ్లిన తేదీలను, బ్యాంకు ఖాతాలో డబ్బు పడిన తేదీలను పక్కపక్కన పెట్టి చూశారు. 1996 నవంబరు 16న, విదేశానికి బయలుదేరుతుండగా వాషింగ్టన్ సమీపంలోని డల్లస్ విమానాశ్రయంలో అరెస్టు చేశారు. మరుసటి సంవత్సరం న్యాయస్థానం 23 సంవత్సరాల 7 నెలల శిక్ష విధించింది.

ఇటువంటి కథాంశం చేతిలో ఉండి కూడా, కరెంటు తీగల గుండా పాకే కంప్యూటర్ ప్రోగ్రాం ఒకటి కల్పించి రెండో సగమంతా దాని చుట్టూ పరుగులు పెట్టించడం నాకు మింగుడు పడలేదు. బర్క్ ద్రోహం బయటపడిన తర్వాత తక్కిన శిక్షణార్థుల గతి ఏమిటన్న ప్రశ్న చిత్రానికి తట్టనే లేదు.

నికల్సన్ కథ జైలుతో ముగియలేదు. ఓరెగాన్ రాష్ట్రంలోని జైలులో ఉంటూనే, తనను చూడడానికి వచ్చే చిన్న కుమారుడికి ఆయన ఈ విద్యలో పాఠాలు చెప్పాడు. ఆ కుమారుడు తండ్రి సందేశాలు పట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో, మెక్సికో సిటీ, లిమా, నికోసియా వెళ్లి రష్యన్లను కలిసి డబ్బు తెచ్చాడు. 2009లో ఇద్దరి మీదా అభియోగాలు నమోదయ్యాయి. తండ్రికి 2011లో మరో 8 సంవత్సరాల శిక్ష పడింది. కుమారుడికి జైలు తప్పి, అధికారుల పర్యవేక్షణలో బయటే ఉండే ప్రొబేషన్ మాత్రం దక్కింది.

ఈసారి మీ పేజీలో గూఢచారుల శిక్షణ మీద సినిమాల ప్రస్తావన వచ్చినప్పుడు, క్యాంప్ పియరీలో ఆ రెండేళ్లు చదువుకున్న వారి గురించి కూడా ఒక పేరా రాయించవలసిందిగా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం