పార్కులో టైల్స్ వేసే ముందు

అందరికీ నమస్కారం. ఆదివారం మీటింగ్‌లో మన పార్కులో 500 గజాలు టైల్స్ వేసి కార్లకు ఇద్దామనే విషయం వస్తోంది. నేను ఊళ్లో ఉండను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. దయచేసి ఒప్పుకోకండి.

500 గజాలంటే సుమారు 418 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. 5 సెంటీమీటర్ల వాన పడిందంటే ఆ మట్టి మీద దాదాపు 21 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. అంతా ఇంకదు, నిజమే. సగం ఇంకినా మన బోరుకు రెండు ట్యాంకర్లు మిగిలినట్టే కదా! హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి. పై మట్టిలోంచి, రాతి పగుళ్లలోంచి దిగితేనే బోర్లలో నీళ్లు. టైల్స్ వేస్తే ఆ నీళ్లన్నీ మూడో వీధి పల్లానికి పోతాయి. 2020 అక్టోబర్ 13 రాత్రి భారీ వానకు వరద వచ్చినప్పుడు అక్కడివాళ్లు పడిన బాధ మనం చూశాం.

పార్కింగ్ ఇబ్బంది నాకూ తెలుసు. కానీ స్టిల్ట్ ఫ్లోర్, అంటే బిల్డింగు కింద స్తంభాల మధ్య ఖాళీగా వదిలే అంతస్తు, ఉన్నదే కార్ల కోసం. చాలా బిల్డింగుల్లో అక్కడ గదులు కట్టారు, పాత సామాన్లు పెట్టారు. ముందు అవి ఖాళీ చేయిద్దాం. కట్టిన చోటునే సరిగ్గా వాడుకుంటే మట్టి జోలికి వెళ్లక్కర్లేదు.

మరీ తప్పదంటే గేటు పక్కన మాత్రం గడ్డి పెరిగే రంధ్రాల బ్లాకులు వేయండి. వేపచెట్ల మొదళ్ల చుట్టూ సిమెంట్ మాత్రం వద్దు.